తలుపేసి చేసే రిపేరు

అత్తయ్య ఫోన్లోంచి గుడ్ మార్నింగ్ బొమ్మలు ఊడ్చెయ్యడంతో నా కొత్త కాపురం మొదలైంది. పూలు, సూర్యోదయాలు, ఆవిరి లేచే కప్పులు, ఒకే కుక్కపిల్ల నలుగురు చుట్టాల నుంచి నాలుగుసార్లు. ఫోన్ నిండిపోయి ఫోటో తియ్యనని మొరాయిస్తోందని ఆవిడ కొడుక్కిచ్చింది. కొడుకు దాన్ని మా గదిలోకి తెచ్చి, తలుపు గడియ పెట్టి, నా ఒళ్లో పడేశాడు. "నువ్వు చూడు బంగారం. ఈ చిల్లర పనులంటే నాకు విసుగు" అని మంచం మీద వాలాడు. నేను ఫోన్ తుడుస్తూ కూర్చుంటే అతను నా జడతో ఆడుకున్నాడు. పని అయ్యాక జుట్టు కాస్త చెదరగొట్టుకుని, మహా కష్టపడ్డ మొహంతో హాల్లోకి వెళ్లాడు. "మా వాడి చేతిలో ఏదో ఉంది" అని అత్తయ్య అనడం తలుపు సందులోంచి విని, దిండులో మొహం దాచుకుని నవ్వాను. ఎంత ముద్దొచ్చాడో.

మా ఆయన పనిచేసేది బీమా ఆఫీసులో. అయినా ఇంట్లో అందరికీ అతను డాక్టరు. వాళ్లలో అందరికంటే ముందు కంప్యూటర్ కొన్నాడు కాబట్టి ఆ బిరుదు. దాన్ని కొన్నాక ఏం చేశాడని ఎవరూ అడగలేదు. నేను కాలేజీలో చదివింది కంప్యూటర్లే. అదీ ఎవరూ అడగలేదు. మామయ్య టీవీకి నెట్ రాకపోయినా, ఆడపడుచు టాబ్లెట్ ముందుకీ వెనక్కీ కదలకపోయినా, మరిది ఫోన్ పాస్‌వర్డ్ మర్చిపోయినా, అన్నీ మా గదిలోకే వచ్చేవి. తలుపు మూసుకునేది. "ఆపరేషన్ జరుగుతోంది, వాణ్ణి కదిలించకండి" అని అత్తయ్య బయట కాపలా. లోపల నేను. నిజం చెప్పొద్దూ, నాకు భలే సరదాగా ఉండేది. మొండికేసిన ప్రింటర్ గొంతు సవరించుకుని మొదటి కాగితం బయటికి తోసిందంటే, నాకు లేచి గంతెయ్యాలనిపించేది. అది మా ఇద్దరి రహస్యం అనుకున్నాను. గదిలో నువ్వు, హాల్లో మీరు అన్నట్టే, ఇదీ కొత్త జంట ఆటల్లో ఒకటి.

ఒకసారి అతను ఇంట్లో లేనప్పుడు మామయ్య రిమోట్‌తో కుస్తీ పడుతుంటే, "ఇలా ఇవ్వండి మామయ్యా, చూస్తాను" అన్నాను. "వద్దులే అమ్మాయ్, పాడుచేస్తావు. వాడొచ్చి చూస్తాడు" అంది అత్తయ్య. వాడొచ్చాడు. విన్నాడు. "మెసేజీలు పంపుకోవడం తప్ప తనకేం తెలీదమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత గదిలో రిమోట్ నా చేతిలో పెడుతూ, "సరదాకన్నాను, ఉడుక్కోకు" అన్నాడు. నేనూ నవ్వాను. కాకపోతే ఆ నవ్వు రావడానికి కాస్త ఆలస్యమైంది.

ఈలోగా ఒక కంపెనీ నన్ను పరీక్షకు పిలిచింది. ఇంట్లో కూర్చునే, ఫోన్లో జనం కంప్యూటర్ కష్టాలు విని సరిచెయ్యాలి. ఇక్కడ ఊరికే చేస్తున్న పనికి అక్కడ జీతం. సోమవారం పరీక్ష. నా లాప్‌టాప్‌లోనే రాయాలి, వాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా అందులోకి ఎక్కించుకున్నాను. గాల్లో తేలుతూ మా ఆయనకి చెప్పాను. "చూద్దాంలే" అని నా బుగ్గ గిల్లాడు.

ఆదివారం భోజనాల దగ్గర అత్తయ్య అంది. "చిన్నాడికి కాలేజీలో లాప్‌టాప్ కావాలట్రా. అమ్మాయిది బీరువాలో ఊరికే పడుందిగా."

"ఊరికేగా ఉంది" అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా. "అంతా తుడిచి, కొత్తదానిలా చేసి ఇచ్చేస్తా."

గదిలోకి వచ్చి లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టాడు. "త్వరగా తుడిచెయ్యి. వాడు బయట కూర్చున్నాడు."

"రేపు నా పరీక్ష."

"అబ్బా, ఇలాంటివి బోలెడొస్తాయి. అమ్మకి మాటిచ్చేశాను, నా పరువేం కావాలి?"

నా వస్తువుని నా చేత్తోనే చెరిపించి, తన పేరున దానం చేస్తాడట. ఏడుపొస్తుందేమోనని ఆగాను. రాలేదు. దాని బదులు, ఆ మొండి ప్రింటర్ కదిలినప్పటి ఆనందమే అరికాళ్ల నుంచి పైకి పాకింది. లాప్‌టాప్ అతని ఒళ్లో పెట్టాను. పాస్‌వర్డ్ లేకుండా దాన్ని అతనేమీ చెయ్యలేడని నాకు తెలుసు. "నువ్వే చెయ్యి. డాక్టరువిగా" అని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

"అత్తయ్యా, ఆయన పని మొదలెట్టారు. ఎలాగూ కూర్చున్నారు కదా, మీవి కూడా ఏమైనా ఉంటే ఇవ్వండి" అన్నాను. ఎన్ని వచ్చాయో. ఆడపడుచు టాబ్లెట్, కాగితం మింగుతున్న మామయ్య ప్రింటర్, అత్తయ్య ఫోన్. ఒక్కొక్కటే తీసుకెళ్లి అందించాను. వెళ్లినప్పుడల్లా అతని మొహం ఒక రంగు మారింది. "ప్లీజ్, ఒక్క నిమిషం కూర్చో" అన్నాడు. "అత్తయ్య పిలుస్తున్నారు" అన్నాను.

కాసేపటికి లోపల్నుంచి కేక. "అమ్మా, తనని ఓసారి పంపు."

"నీ పని నువ్వు చేసుకోరా" అంది అత్తయ్య. "ఆ పిల్లొస్తే ఉన్నది కూడా పాడుచేస్తుంది."

నేను బుద్ధిగా తల దించుకుని టీ తాగాను. పెళ్లయ్యాక అంత కమ్మటి టీ తాగలేదు.

చివరికి చెమటతో వచ్చాడు, లాప్‌టాప్ పళ్లెంలా పట్టుకుని. "పాస్‌వర్డ్ అడుగుతోంది" అన్నాడు.

"అదేంటన్నయ్యా, నేను మర్చిపోతే నా ఫోన్ చిటికెలో తెరిచావుగా" అన్నాడు మరిది.

నేను లాప్‌టాప్ తీసుకుని, తెరిచి, నావన్నీ ఉన్నాయని చూసుకుని మూశాను. "ఇది ఎవరికీ ఇవ్వడం లేదత్తయ్యా. రేపు దీంట్లో నాకు ఉద్యోగానికి పరీక్ష ఉంది." గదిలోంచి ఆడపడుచు టాబ్లెట్ తెచ్చి, అందరి ముందు, హాలు మధ్యలో నిలబడి సరిచేసిచ్చాను. అత్తయ్య నోరు తెరిచి నన్నూ, కొడుకునీ మార్చి మార్చి చూసింది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేర్పిందెవరనుకున్నావమ్మా? నేనే."

"అదీ మరి" అంది అత్తయ్య, ఊపిరి పీల్చుకుని.

"అవునత్తయ్యా" అన్నాను. లోపలికెళ్లి ప్రింటర్ తెచ్చి అతని ముందున్న బల్ల మీద పెట్టాను, తీగతో సహా. "ఇదొక్కటే ఇంకా నేర్పలేదు. అందరి ముందూ ఓసారి చేసి చూపించండి, చూసి నేర్చుకుంటాను."

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. మామయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. మరిది దగ్గరికి జరిగాడు. మా ఆయన ప్రింటర్ మూత తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు.

"మెల్లగా కానివ్వండి" అన్నాను ప్రేమగా. "నా పరీక్ష రేపు కదా."