రెక్క చివరి మెలి

"టీ అయిపోయింది వదినా, ఇంకో ఫ్లాస్కు ఉందా?" అన్నాడు మా జట్టు కెప్టెన్, విమానం మీద నుంచి తల ఎత్తకుండానే. ఉంది. ఎప్పుడూ ఉంటుంది. మా పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక మళ్ళీ ఇంజనీరింగ్‌లో చేరిన దాన్ని కాబట్టి జట్టులో కుర్రాళ్ళంతా నాకు పెట్టిన పేరు వదిన. పైలట్ లేని విమానాన్ని విద్యార్థులే గీసి, కట్టి, బరువు మోయించి ఎగరెయ్యాలి, అదీ పోటీ. ఒకడు మోటారు చూసుకుంటాడు, ఒకడు రేడియో, కెప్టెన్ అందరినీ చూసుకుంటాడు. నాకు రెక్కలిచ్చారు. రెక్కల చట్రం మీద పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి ఇస్త్రీపెట్టెతో అతికించాలి మరి. ఇస్త్రీ అనగానే అందరికీ నేనే గుర్తొచ్చాను.

ఇంట్లో చెబితే మా ఆయన పడీ పడీ నవ్వాడు. "ఇస్త్రీ చెయ్యడానికి కాలేజీ దాకా ఎందుకు? నా చొక్కాలు ఇక్కడే ఉన్నాయిగా." అత్తగారు నవ్వలేదు. "చదువుకోనీరా దాన్ని," అన్నారు, ఆ వెంటనే "చొక్కాలు మాత్రం పొద్దున్నే చేసేసి వెళ్ళమ్మా," అన్నారు. చేసే వెళ్ళాను. రెక్క ఆకారం కూడా నేనే లెక్కకట్టానని ఆయనకు చెప్పడానికి చాలా రోజులు జంకాను. విమానం నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు రెక్క చివర ముందుగా గాలి మీద పట్టు వదిలితే, ఆ పక్కకు ఒరిగి నేలకు కొట్టుకుంటుంది. చివరను కాస్త కిందికి మెలితిప్పి ఉంచితే అది ఆఖరుదాకా నిలబడుతుంది. అందుకే మెలి తిప్పి పట్టుకుని, అలాగే పొర అతికించాను. చివరికి ఓ రోజు ఇదంతా ఆయనకు చెప్పాను. "అంటే రెక్క వంకరొచ్చింది, దానికో కారణం వెతికావన్నమాట," అన్నాడాయన. నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత జట్టుకు చెప్పేటప్పుడు కూడా టీ పోస్తూ, గబగబా, ఏదో తప్పు చేసిన దానిలా చెప్పాను. "నీ ఇష్టం వదినా," అన్నారు. ఎవరూ వినలేదని తెలుస్తూనే ఉంది. రెండోసారి చెప్పలేదు.

పోటీ రోజు, ఎగరడానికి ముందు తనిఖీ. జడ్జి పెద్దాయన. ఒక కన్ను మూసి రెక్క వెంబడి చూశారు.

"ఈ చివర మెలి తిరిగిందేంటి?"

కెప్టెన్ నా వైపు చూశాడు. పాపం, వాడికి నిజంగానే తెలియదు. "ఇస్త్రీలో వచ్చింది సార్. మా వదిన చేసింది. సరిచేయిస్తాం."

"రెండు చివర్లూ ఒకేలా ఉన్నాయే?"

"రెండూ ఆవిడే చేసింది సార్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద వేసిన జోకుకు అందరికంటే ముందు నేను నవ్వడం ఇంట్లో బాగా అలవాటు. జడ్జి పక్క జట్టు దగ్గరికి వెళ్ళిపోయారు. చెవులు మండిపోతున్నాయి. తెలియక ఊరుకుంటే వేరు, తెలిసి ఊరుకున్నాను, పైగా ఇకిలించాను.

"వదినా, మన వంతుకు టైముంది. కాస్త వేడిచేసి తిన్నగా లాగెయ్," అని కెప్టెన్ ఇస్త్రీపెట్టె చేతిలో పెట్టాడు.

సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను. పెట్టె వేడెక్కింది. రెక్క చివర పట్టుకుని తిన్నగా తిప్పాను, పొర ముడతలు పడింది, ఇక వేడి తగిలించడమే తరువాయి. అప్పుడు తట్టింది. దీన్ని తిన్నగా చేస్తే మొదటి మలుపులోనే విమానం పడుతుంది. ఏడాది కష్టం ముక్కలైపోతుంది. వదిన ఇస్త్రీ వల్ల పడిందంటారు. ఈసారి ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

రెక్క వదిలేశాను. అది తన మెలిలోకి తాను తిరిగి వెళ్ళింది. ఇస్త్రీపెట్టె ఆపేసి, పక్క జట్టు దగ్గరున్న జడ్జి ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"సార్, ఆ మెలి ఇస్త్రీలో వచ్చింది కాదండీ. కావాలనే పెట్టాను. లెక్క నాదే."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "మరి ఇందాక అడిగితే మాట్లాడలేదేమ్మా?"

"సిగ్గేసిందండి."

వెనక నుంచి కెప్టెన్ "వదినా, ఏంటిది?" అంటున్నాడు. కుర్రాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"ఇప్పుడూ సిగ్గుగానే ఉందండి," అన్నాను. "అయినా చెప్తాను, వినండి."