గోడ మీద చోటు

ఆ పథకానికి ప్రభుత్వం పెట్టిన పేరును ఒక్క ఊపిరిలో పలికినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. అల్పసంఖ్యాక వర్ణ బాలల ప్రత్యేక విద్యా ప్రోత్సాహక పథకం అని కాగితాల మీద ఉండేది. జనం నోట్లో పడి నలిగి నలిగి అది ముందుగంట అయింది. బడిగంట కొట్టడానికి సరిగ్గా గంట ముందు వంతెన అవతలి పిల్లలు వచ్చి, మెట్ల పక్కనున్న చివరి గదిలో కూర్చుని చదువుకోవాలి. పథకమంతా అంతే. ఒక గది, ఒక గంట, ఒక టీచరు.

వంతెన అవతలివాళ్ళ తాతముత్తాతల్ని ఎప్పుడో రైలు పట్టాలు వేయడానికి ఓడల్లో తెచ్చి దింపారు. పట్టాలు పడ్డాయి, రైళ్ళు నడిచాయి, ఓడలు మాత్రం మళ్ళీ రాలేదు. మనుషులు ఉండిపోయారు. వాళ్ళ ఒంటి రంగు వేరు, జుట్టు వేరు, ఇంట్లో మాట్లాడుకునే మాట వేరు. నాలుగు తరాలు గడిచినా కొత్తవాళ్ళు ఎదురైతే మొదట అడిగే ప్రశ్న, "మీరు అవతలివాళ్ళా?" అనే. జవాబు మొహం మీదే ఉన్నా అడిగేవారు.

ముందుగంట టీచరు కూడా అవతలి పిల్లే. ఆ గదిలోనే, ఆ కిటికీ పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దుకుని, కాలేజీ దాకా వెళ్ళి, తిరిగి అదే గదికి టీచరై వచ్చింది. పిల్లలు అక్కా అని పిలిచేవారు.

ఆమెకు పెళ్ళయి ఏడు వారాలైంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం చూసినా పొద్దున్నే నవ్వొచ్చేది. మొగుడు షాపుల బోర్డులు రాస్తాడు. సాయంత్రం అతని గోళ్ళ కింద మిగిలిన రంగు చూసి, ఇవాళ ఏ షాపు బోర్డు రాశాడో కనిపెట్టడం వాళ్ళిద్దరి ఆట. ఆకుపచ్చ అయితే మందుల షాపు, ఎరుపయితే మాంసం కొట్టు. ఒకరోజు నీలం చూసి చేపల దుకాణం అంది. పళ్ళ డాక్టరు బోర్డట. ఓడినవాళ్ళు గిన్నెలు తోమాలి కాబట్టి ఆమె తోమింది, గెలిచినవాడు పక్కన నిలబడి తుడిచాడు. ఆ సరదా మర్నాడు పొద్దున ఆమెతోబాటే నడిచి బడిదాకా వచ్చేది. పిల్లలు పెన్సిల్ చెక్కుతుంటే వచ్చే వాసన కూడా ఆ రోజుల్లో ఆమెకు బాగుండేది.

ఆ గదిలో ఆమె పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ప్రతి శుక్రవారం పిల్లలు తలా ఒక పేజీ రాయాలి. మార్కులు వెనకవైపు, పెన్సిల్‌తో, చీమ తలకాయంత వేసి కాగితాలన్నీ మూలనున్న రేకు పెట్టెలో పడేసేది. ఎవరికీ చూపించేది కాదు. తన చిన్నప్పటి టీచరు అన్ని కాగితాలూ గోడకు అంటించేవాడు. ఒకరోజు చూడటానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఈమె కాగితం ముందు ఆగి, పైకి చదివి, పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఏమన్నాడో ఈమెకి ఇప్పటికీ తెలియదు. ఆ నవ్వు మాత్రం తెలుసు. తన పిల్లల్లో ఒక్కరికి కూడా అది వినపడకూడదని టీచరైన రోజే అనుకుంది.

ఆ పిల్లల్లో తాబేలు అని ఒకతి ఉంది. ఎనిమిదేళ్ళు. ఆ పేరు తోటిపిల్లలు పెట్టారు, దానికీ నచ్చింది. అంత నెమ్మది. ఒక అక్షరం రాయాలంటే ముందు దాన్ని కాసేపు చూసి, మంచివాడో కాదో తేల్చుకుని ఇంట్లోకి రానిచ్చినట్టు రాసేది. కిందటేడు వచ్చినప్పుడు దానికి ఒక్క అక్షరం రాదు. ఈ ఏడు వాక్యం రాసింది. గంటంతా కూర్చుని రాసింది: మా నాయనమ్మ బడిని ఊడుస్తుంది. రెండక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. నాయనమ్మ నిజంగానే ఆ బడి వసారాలు ఊడుస్తుంది. టీచరు ఆ కాగితం వెనక పదికి రెండు వేసింది. కొలత ప్రకారం అంతే వస్తుంది. వేసి, ఇంటికెళ్ళి మొగుడితో, ఇవాళ తాబేలు వాక్యం రాసిందని పదిసార్లు చెప్పింది.

అలాంటి రోజుల్లో ఊళ్ళో గొడవ మొదలైంది. అందరి పన్నులతో నడిచే బడిలో ఒక్క రంగు పిల్లలకే గదేమిటని కొందరు అర్జీ పెట్టారు. పేపర్లో ఉత్తరాలు పడ్డాయి. మంగలి షాపులో, బస్సులో, బ్యాంకు వరసలో అదే మాట. అవతలివాళ్ళలోనే కొందరు, ఆ గదిలోకి వెళ్ళే పిల్లల్ని మిగతావాళ్ళు వేలెత్తి చూపిస్తున్నారు, ఎత్తేస్తే పీడా పోతుంది అన్నారు. చివరికి ప్రభుత్వం ముగ్గురితో విచారణ సంఘం వేసింది. శనివారం పొద్దున వాళ్ళు గది చూస్తారు, తర్వాత బడి హాల్లో అందరి మాటా వింటారు, గది ఉండాలో వద్దో తేలుస్తారు అని కబురొచ్చింది.

కబురు తెచ్చిన గుమాస్తా వెళ్తూ వెళ్తూ, పిల్లలు చేసినవేమైనా గోడకి పెట్టండి, బాగుంటుంది అన్నాడు.

టీచరు రేకు పెట్టె తెరిచింది. ముప్ఫయ్యొక్క మంది పిల్లలు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేయాలి గదిని అనుకుంది. ఐదు దాటినవే తీసింది. పదిహేడు మందివి దాటాయి. వాళ్ళవే నాలుగేసి కాగితాలు ఏరింది. మిగతా పద్నాలుగు మందివీ పెట్టెలోనే ఉంచింది. పరాయివాళ్ళ ముందు వాళ్ళ పరువెందుకు తీయాలి? తాబేలు వాక్యాన్ని మాత్రం రెండుసార్లు చేతిలోకి తీసుకుంది. తిరగబడ్డ అక్షరాల దగ్గర ఎవరో ఆగి నవ్వినట్టనిపించి, రెండోసారి కూడా పెట్టెలోనే పెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం మొగుడు నిచ్చెన పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మైదా జిగురు పూసి కాగితాలు అంటించారు. అతను ఆమె ముక్కు మీద జిగురు చుక్క పెట్టాడు, ఆమె అతని చొక్కా జేబులో చెంచాడు పోసింది. అంతా అయ్యాక చూస్తే గోడ మధ్యలో, కిటికీకీ బోర్డుకీ నడుమ, తలుపంత ఖాళీ మిగిలింది.

"పళ్ళూడిన నోరులా ఉందే," అన్నాడు అతను.

సంచిలోంచి రంగులు తీసి, పెద్ద అట్ట మీద పసుపుపచ్చ సూర్యుణ్ణి వేశాడు. సూర్యుడికి కనుబొమలు పెట్టాడు, అవి అచ్చం ఆమెవే. ఆ అట్టను ఖాళీలో అంటించారు. గోడ నిండుగా కనిపించింది. దారి పొడుగునా ఇద్దరూ చేతులు పట్టుకుని ఊపుకుంటూ ఇంటికెళ్ళారు.

సంఘం అధ్యక్షుడు వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. చెడ్డవాడేం కాదు. శనివారం గదిలోకి వచ్చి ప్రతి కాగితం ముందూ ఆగాడు, కళ్ళజోడు మార్చి మార్చి చదివాడు. ఇంత బాగా రాస్తున్నారా అన్నాడు. మా ఇంట్లో పిల్లలకి కూడా ఇంత దస్తూరి లేదన్నాడు. టీచరు మొహం మతాబులా వెలిగిపోయింది. ఆమె మొహం చూసి అతనూ నవ్వాడు.

హాలు కిటకిటలాడింది. పిల్లల్ని బయట మైదానంలో ఆడుకోమని పెద్దవాళ్ళనే లోపలికి రానిచ్చారు. తాబేలు నాయనమ్మ చీపురు గోడకు ఆనించి, చివరి వరసలో కూర్చుంది.

మొదట మందుల షాపాయన లేచాడు. అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే. ఆయనేం అరవలేదు. తన కొడుకు మూడో తరగతి అని, చదవమంటే ఇప్పటికీ చెమటలు పోస్తాయని చెప్పాడు. కిందటేడు ఈ గదిలో కూర్చోబెట్టమని టీచర్ని అడిగితే రూలు ఒప్పుకోదందని చెప్పాడు. అది నిజమే. ఆమె అలాగే చెప్పింది, చెప్పి ఆ రాత్రి సరిగా తినలేదు కూడా.

"మావాడి రంగు తప్పయితే చెప్పండి, మార్చే మందు నా షాపులో లేదు," అన్నాడాయన.

హాల్లో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

తర్వాత ఇంకో పదిమంది మాట్లాడారు. వినీ వినీ అలసిపోయిన అధ్యక్షుడు చివరికి మైకు దగ్గరికి జరిగాడు. గోడ చూశామని, చాలా సంతోషమైందని, ఇవతలి పిల్లలకి ఏ మాత్రం తీసిపోకుండా రాస్తున్నారని అన్నాడు. టీచరు ఇంకా నవ్వుతూనే ఉంది. "కాబట్టి పథకం పని పూర్తయినట్టే. అందుకున్నవాళ్ళకి ఇంకా చేయూత దేనికి?" అన్నాడు.

ఆమె నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తను చేసిన ముస్తాబేమిటో అప్పుడు తెలిసింది. లేచి, ఆ గోడ మొత్తం గది కాదండీ అంది. పద్నాలుగు మంది ఇంకా అందుకోలేదంది. అధ్యక్షుడు గోడ మీద కనిపించలేదే అన్నాడు. రుజువుందా అని పక్కనున్న సభ్యుడు అడిగాడు.

రుజువు రేకు పెట్టెలో ఉంది. ఆ పద్నాలుగు మంది తల్లిదండ్రులు ఎదురుగా బెంచీల మీద ఉన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గది పోతే పిల్లలకి ఏదీ మిగలదు అనుకుంది. పరుగెత్తుకెళ్ళి పెట్టె మోసుకొచ్చింది. పేర్లు చదవకండి అని బతిమాలి కాగితాలు అధ్యక్షుడి చేతిలో పెట్టింది.

ఆయన పేర్లు చదవలేదు. న్యాయంగానే ఉందామనుకున్నాడు పాపం. పైనున్న కాగితం తీసి, ఇందులో ఒకటే వాక్యం ఉందని మైకులో చదివాడు. "మా నాయనమ్మ బడిని ఊడుస్తుంది."

చివరి వరసలో తాబేలు నాయనమ్మ లేచి నిలబడింది. ఆమెకి చదువు రాదు. మైకులో తన గురించి వినపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"అది మా పిల్ల రాసిందేనండీ," అంది హాలంతా వినపడేలా. పైటకొంగుతో మొహం తుడుచుకుని, నవ్వుతూ అలాగే నిలబడింది.

అధ్యక్షుడు కాగితం తిప్పి వెనకవైపు చూశాడు. పదికి రెండు అని చదివాడు. తర్వాతి కాగితం మూడు. ఆ తర్వాతిది ఒకటి. నాయనమ్మ ఎప్పుడు కూర్చుందో టీచరు చూడలేదు. చూసేసరికి కూర్చుని ఉంది, తల వంచుకుని.

మందుల షాపాయన మళ్ళీ లేచాడు. గొంతులో కోపం లేదు, అలసటుంది. "పదిహేనేళ్ళ నుంచి గది నడుస్తోంది టీచరమ్మా. ఇంకా రెండూ మూడేనా?" అన్నాడు.

బాగా రాసినవాళ్ళని చూసి గది అక్కర్లేదన్నారు. రాయలేనివాళ్ళని చూసి గది పనికిరాదన్నారు. ఒక అక్షరం రాని పిల్ల ఏడాదిలో వాక్యం రాసిందని, ఆ రెండు మార్కులు కొండంతవని చెప్పాలని ఆమె నోరు తెరిచింది. అప్పటికే జనం కుర్చీలు జరుపుతున్నారు.

హాలు ఖాళీ అయ్యాక నాయనమ్మ చీపురు తీసుకుని వచ్చి ఊడవడం మొదలుపెట్టింది. పెట్టె పక్కన కూలబడ్డ టీచరు దగ్గరికి వచ్చి ఆగింది. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకుంది టీచరు.

"పిల్లకి మైకులో చదివారని చెప్తానమ్మాయ్," అంది ఆమె. "రెండు మార్కుల సంగతి నువ్వు చెప్పకు."

కాళ్ళు కాస్త అటు జరపమని సైగ చేసి, ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

పన్నెండో రోజున గది ఎత్తేసిన కాగితం వచ్చింది. సోమవారం నుంచి అందులో విరిగిన బెంచీలు పెడతారట. ఆ పన్నెండు రోజులూ తాబేలు అందరికన్నా ముందే వచ్చి, సూర్యుడికి ఎదురుగా కూర్చునేది. పలకరిస్తే నవ్వేది. మైకులో చదివింది నాదే కదా అని ఒకసారి అడిగింది, నీదేనే అంది టీచరు. ఇంకేమీ అడగలేదు.

ఆఖరి శుక్రవారం గంట కొట్టాక పిల్లలు తరగతులకి వెళ్ళారు. మొగుడు గోడ గీకడానికి వచ్చాడు. ఆ రోజు అతని గోళ్ళ కింద ఏ రంగుందో ఆమె చూడలేదు. తాబేలు మాత్రం తరగతికి పోకుండా గుమ్మంలో నిలబడింది. పొమ్మంటే పోలేదు. కాగితాలు ఒక్కొక్కటే ఊడిపడుతుంటే ఏరి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టింది. అన్నీ అయ్యాక సూర్యుడు మిగిలాడు. తాబేలు దగ్గరికొచ్చి, మెల్లిగా తీయి బావా, కిందున్నది చిరుగుతుంది అంది.

అతనికి అర్థం కాలేదు. మెల్లిగానే తీశాడు. అట్ట ఊడింది. కింద గోడ తెల్లగా, శుభ్రంగా ఉంది. ఒక్క కాగితం లేదు.

తాబేలు ఆ తెలుపు వంక చాలాసేపు చూసింది, రాయబోయే ముందు అక్షరాన్ని చూసినట్టు. తర్వాత టీచరు వైపు తిరిగింది.

"నాది దీని వెనకాల పెట్టలేదా అక్కా?"

"చోటు సరిపోలేదమ్మా," అంది టీచరు.

తాబేలు మళ్ళీ గోడ చూసింది. తలుపంత ఖాళీ. పక్కనే బల్ల మీద రేకు పెట్టె తెరిచి ఉంది, అందులో పైనే దాని కాగితం, ఒక్క వాక్యం కాగితం, ఉంది. అది కూడా చూసింది. చూసి, వచ్చి టీచరు చెయ్యి పట్టుకుంది.

"నాది పెద్దదిలే అక్కా," అంది. "పట్టదు."