సెట్ అవుతాయి మావయ్యగారూ

కట్టుడుపళ్ళు చేసే అల్లుడి నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: సెట్. గడియారం సరిచేస్తే సెట్ చేశాడు, పెరుగు తోడుకుంటే సెట్ అయింది, ఎవరికైనా సంబంధం తప్పిపోతే సెట్ కాలేదు. జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మావగారికి అది వింటే ఒళ్ళు మండేది.

“డిక్షనరీలో ఆ ముక్కకి పేజీలకి పేజీలు అర్థాలున్నాయి. అవి చాలక నువ్వు కొత్తవి పుట్టిస్తున్నావా?” అని నలుగురిలోనూ కడిగేసేవారు.

అలాంటి మనిషి పళ్ళూడి అల్లుడి చేతికే చిక్కారు. పైగా పళ్ళు పెట్టించుకునే రోజు సాయంత్రమే పాత విద్యార్థుల సభలో ఆయన ప్రసంగం. విషయం, ఆ ఒక్క మాటకున్న నానార్థాలు! “నాన్న నవ్వులపాలయ్యారో, మీరిక ఇంటికి రానక్కర్లేదు,” అని భార్య ముందే చెప్పేసింది.

తయారైన పళ్ళని అతను కిటికీ దగ్గర గాజుకప్పుల్లో, నీళ్ళలో ఉంచుతాడు. మావగారివి మాత్రం వేరేవాటితో కలిసిపోకూడదని తన మంచినీళ్ళ గ్లాసులో దాచాడు. తీరా ఆయనొచ్చి కుర్చీలో కూర్చునేసరికి కాళ్ళూ చేతులూ ఆడక, అలవాటుకొద్దీ గాజుకప్పులోవి తీసి పెట్టేశాడు.

అవి ఏ మహాకాయుడివో, పెదవులు మూతపడలేదు. నవ్వడమంటే ఎరగని ముఖం చెవులదాకా ఇకిలించింది.

“కొత్తవి కదా మావయ్యగారూ, సాయంత్రానికి సెట్ అవుతాయి.”

మావగారు కళ్ళతో నిప్పులు కురిపిస్తూ, నోటితో నవ్వుతూ వెళ్ళిపోయారు.

సాయంత్రం పని ముగించి, హమ్మయ్య అనుకుని గ్లాసెత్తి తాగబోతే మీసానికి పళ్ళు తగిలాయి. అవి మావగారివి! ఆ గ్లాసుతోనే పరుగు తీశాడు.

సభ జరిగే హాల్లో ఒకటే సందడి. ఒకప్పుడు ఆయన బెత్తానికి వణికిన బట్టతల పెద్దమనుషులు ఇప్పుడాయన చేతులు పట్టుకుని వదలడం లేదు. “మాస్టారు నన్ను చూసి నవ్వార్రా!” అని ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అల్లుడు ఆయన్ని తెర వెనక్కి లాక్కెళ్ళాడు. “తప్పు నాదే మావయ్యగారూ. ఎవరివో పెట్టేశాను,” అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ. పళ్ళు మార్చగానే పెదవులు మూసుకున్నాయి, పాత ముఖం తిరిగొచ్చింది. ఇక తిట్లే అనుకుని తలవంచుకున్నాడు.

మావగారు తెర సందులోంచి హాల్లోకి చూశారు. అన్నేళ్ళ పాఠాల్లో ఏనాడూ తనవైపు చూసి నవ్వని ముఖాలన్నీ నవ్వుతూ ఎదురుచూస్తున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నారు.

“అల్లుడూ, ఆ మొదటివి పారెయ్యకు. ప్రసంగం అయ్యాక గ్రూప్ ఫొటో ఉందట. ఆ నవ్వు... నాకు సెట్ అయినట్టుంది.”