పదకొండూ పదికి తెగే లైను

ఫోన్ కంపెనీ మనిషి మోడెమ్‌ని గోడకి బిగించి, ఆకుపచ్చ దీపం వెలిగేదాకా చూసి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెరంతా నలుపు, దాని మీద తెల్లటి అక్షరాలు. నొక్కుదామంటే ఒక్క బొమ్మ లేదు. ఇది యూనిక్స్ బాపతు సిస్టమా అని ఆ ఇంటి కోడల్ని అడిగాడు. అవునని తెలియగానే చేతిలో ఉన్న సీడీని తిరిగి సంచీలో పెట్టేసుకున్నాడు. ఇలాంటివాటికి తమ కంపెనీ పూచీ పడదన్నాడు. యూజరు పేరూ పాస్‌వర్డూ రాసిన కాగితం ఇచ్చి, పోతూ పోతూ ఒక మాట అడిగాడు, ఈ లైను మీద ఇంకేమైనా ఫోన్లున్నాయా అని.

కోడలు నోరు తెరిచేలోపే వెనక నుంచి మామగారు, "ఒకటే. హాల్లో ఉన్నదే," అన్నారు.

సరేనని అతను హాల్లో ఫోనుకి అగ్గిపెట్టెంత ఫిల్టరు ఒకటి తగిలించాడు. ఫోను మాటలూ ఇంటర్నెట్టూ ఒకే తీగలో పోతాయి కనుక, ఒకదాని గోల ఇంకోదానికి తగలకుండా చూడటం దాని పని. పెట్టెలో ఇంకో ఫిల్టరు మిగిలింది. దాన్ని పెట్టెలోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

కోడలు భయపడలేదు. ఆ కంప్యూటరు ఆఫీసువాళ్ళు పనికిరాదని మూలకి నెట్టేసినది. ఇంటికి తెచ్చుకుని, ఉచితంగా దొరికే సిస్టం ఎక్కించి, మూడేళ్ళుగా దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటోంది. ఫోను తీగ మీద ఇంటర్నెట్టు తెచ్చే ఈ డీఎస్ఎల్ ఏమంత బ్రహ్మవిద్యా కాదు. మోడెమ్ తీగలోంచి సంకేతాన్ని పట్టి ఇస్తుంది. "నేను ఫలానా, నన్ను లోపలికి రానివ్వండి" అని కంపెనీతో మాట్లాడుకోవలసింది కంప్యూటరు. ఒక ఫైల్లో యూజరు పేరు రాసింది, ఇంకో ఫైల్లో పాస్‌వర్డు రాసి ఎవరూ చదవకుండా దానికి తాళం వేసింది, ఏ నెట్‌వర్క్ కార్డు వాడాలో చెప్పింది. మొదటిసారి కంపెనీ లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డు చివర ఒక ఖాళీ పడింది. అది తీసేస్తే కలిసింది గానీ, సగం పేజీలు తెరుచుకుని సగం మొరాయించాయి. సమాచారాన్ని ముక్కలు చేసి పంపే పొట్లాల సైజు పదిహేను వందల నుంచి పద్నాలుగు వందల తొంభై రెండుకి దించాక అన్నీ గడగడా తెరుచుకున్నాయి.

అంతసేపూ మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు ఫోను స్తంభాలెక్కిన లైన్‌మన్ ఆయన. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఊళ్ళో సగంమంది ఇప్పటికీ లైన్‌మన్‌గారనే అంటారు. బొమ్మలు లేని ఆ తెర ఆయనకి నచ్చింది. పాత ఎక్స్చేంజిలో టెస్టు బల్ల కూడా ఇలాగే డాబూ దర్పం లేకుండా ఉండేదట.

ఇంతకీ కోడలికి ఈ లైను దేనికంటే, భర్తతో కలిసి భోంచెయ్యడానికి. వినడానికి నవ్వొస్తుంది గానీ అదే నిజం. ఆమె స్కూలు అట్లాసులు వేసే సంస్థలో పనిచేస్తుంది. పటాల మీద ఊళ్ళ పేర్లూ నదుల పేర్లూ సరిచూసే పని. ఆఫీసుకి రెండు బస్సులు మారాలి. భర్త ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. అతను గుమ్మంలోకి వచ్చే వేళకి ఆమె చెప్పులేసుకుంటూ ఉంటుంది. పెళ్ళయి ఆరేళ్ళయింది, ఇద్దరూ పగటివెలుగులో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నవి ఆదివారాలే.

ఆఫీసు పెద్దాయన బతిమాలించుకుని బతిమాలించుకుని చివరికి ఒప్పుకున్నాడు. ఒక వారం ఇంటి నుంచి చెయ్యనిచ్చి చూస్తారు. పొద్దున్నే పటాలు వస్తాయి. సరిచేసినవి మధ్యాహ్నం పన్నెండు లోపల చేరాలి. రెండుసార్లు ఆలస్యమైతే చూసీచూడనట్టు ఊరుకుంటారు, మూడోసారైతే మళ్ళీ రెండు బస్సులే.

సోమవారం పదిన్నరకి పంపడం మొదలుపెట్టింది. పెద్ద ఫైలు, గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. సగానికి వచ్చేసరికి లైను తెగింది. తిరిగి దానంతటదే కలిసింది గానీ, ఆఫీసు కంప్యూటరు ముసలిది, మధ్యలో తెగితే మొదటికే రమ్మంటుంది. మళ్ళీ పంపితే పన్నెండున్నర అయింది. మంగళవారమూ అదే తంతు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా ఆ దిక్కుమాలిన సిస్టందేనన్నారు. ఆమెకి ఒళ్ళు మండింది. సిస్టాన్ని అంటే తనని అన్నట్టే ఉంది.

ఇంట్లోనూ చిన్న ప్రచ్ఛన్నయుద్ధం నడిచింది. లైను మీద అనుమానం ఉందని మామగారి మొహం మీద అనలేదు ఆమె. ఈ ఇంటి లైనంత శుభ్రమైన లైను ఊళ్ళోనే లేదని ఆయన చెప్పని రోజు లేదు. ఆయనకీ సిస్టం మీదే అనుమానం, కానీ కోడల్ని నొప్పించలేరు. అన్నం దగ్గర ఆమె నోట లైను అన్న మాట వస్తే చాలు, ఆయన మోకాలు రుద్దుకుంటూ వాన సంగతి ఎత్తేవారు. బుధవారం నిజంగానే వాన పడింది. ఆ రోజు లైను తెగలేదు, పటాలు వేళకి చేరాయి. గండం గడిచిందనుకుని పొంగిపోయాడు భర్త.

కోడలు మాత్రం సాయంత్రం కూర్చుని లాగు అనే చిట్టా తెరిచింది. ఆ సిస్టంలో ఆమెకి అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఎప్పుడు కలిసిందీ ఎప్పుడు తెగిందీ గంట నిమిషాలతో సహా తనంతట తానే రాసి పెట్టుకుంటుంది, ఎవరి మొహమాటమూ చూడదు. సోమవారం పదకొండూ పది. మంగళవారం పదకొండూ పదకొండు. బుధవారం ఏమీ లేదు. సిస్టంలో లోపమైతే ఇంత వేళాపాళా పాటించదు. ఇది ఎవరో మనిషి పని.

గురువారం వచ్చినవి చిన్న పటాలు, పదకొండు కాకుండానే వెళ్ళిపోయాయి. దాంతో దొంగని పట్టుకోవడానికి ఇల్లంతా తిరిగింది. భర్త దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతున్నాడు. అతని నిద్ర కోసమే హాల్లో ఫోను మోగకుండా ఎప్పుడో నొక్కేశారు. మామగారు రోజూలాగే నడకకి వెళ్ళారు. వంటింట్లో ఎవరూ లేరు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ అన్నట్టుంది.

వెనక బట్టలుతికే గదిలో అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. చెయ్యి ఖాళీగా ఉంచడం ఎరగని మనిషి, ఒళ్ళో మడతపెట్టని దుప్పటి పెట్టుకుని, సబ్బుల అలమర వంక చూస్తూ ఊరికే కూర్చున్నారు. పిలవబోయి గుమ్మంలో ఆగిపోయింది కోడలు. అలమర వెనక ఎక్కడో 'టక్' మని చిన్న చప్పుడైంది.

"దిగారు," అనుకున్నారు అత్తగారు తనలో తను. లేచి దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టారు.

కోడలు పరుగున వెళ్ళి లాగు చూసింది. పదకొండూ పది, లైను తెగింది. తిరిగి వచ్చి, అలమర వెనక ఏముందత్తయ్యా అని అడిగింది. అత్తగారు గుమ్మం బయటికి ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఎవరితోనూ అనకు. అది మీ మావయ్య పెట్టిన గంట. మా పెళ్ళయిన కొత్తలో ఆయన జతగాడొకడు స్తంభం మీంచి పడిపోయాడు. సాయంత్రం దాకా వాళ్ళావిడకి తెలీనే లేదు. అప్పట్నుంచీ మీ మావయ్య స్తంభం దిగగానే ఇంటికి ఒక్కసారి మోగించి పెట్టేసేవారు. ఎత్తక్కర్లేదు. మోగిందంటే దిగినట్టు. నేనేమో రోజంతా ఈ గదిలోనే ఉండేదాన్ని, అందుకని ఇక్కడికి తీగ లాగారు."

"ఇప్పుడు స్తంభాల్లేవు కదత్తయ్యా."

"పట్టాల మీద వంతెన ఉందిగా. నలభై ఎనిమిది మెట్లు. ఆ మోకాలు పెట్టుకుని ఎక్కకపోతే ఆయనకి తోచదు. దిగగానే అక్కడి కొట్లో ఫోన్లోంచి ఒక్కసారి మోగిస్తారు. వానొస్తే మాత్రం నేనే వెళ్ళనివ్వను."

ఇక అంత గుట్టెందుకంటే, ఫోను శాఖవాళ్ళని అడగకుండా లైనుకి రెండో గంట పెట్టుకోవడం ఆ రోజుల్లో నేరం. అలా పెట్టుకున్న ఇళ్ళకి జరిమానా రాసింది ఈ లైన్‌మన్‌గారే. కంచే చేను మేసిందని ఎవరైనా అంటారని గంటకి గుడ్డ చుట్టారు. రిటైరయ్యాక కూడా ఆ గుడ్డ విప్పలేదు. గంట ఫోను కాదు కనుక కంపెనీ మనిషికి తను చెప్పింది అబద్ధం కాదని కూడా సమాధానపడి ఉంటారు.

ఆ గంట మోగినప్పుడే తన లైను తెగుతోందని కోడలు మెల్లిగా చెప్పింది. అత్తగారు దుప్పటి అంచులు కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు.

"అయితే తీసెయ్యమంటాను లేమ్మా. ఇన్నాళ్ళు విన్నాను, చాలదూ," అన్నారు.

తన మధ్యాహ్నం భోజనం కోసం ఆవిడ నలభై ఏళ్ళ ధైర్యాన్ని గోడ మీంచి ఊడబెరికించడమా? ఎవరూ ఏమీ తియ్యక్కర్లేదత్తయ్యా అంది కోడలు. మోడెమ్ పెట్టెలో మిగిలిన ఫిల్టరు తీసింది. లాగులో లైను తెగిన ఆ మూడు వేళలనీ ఒక కాగితం మీద రాసింది. మామగారు తీరిగ్గా పేపరు చదువుకునే బల్ల మీద, ఆయన కళ్ళజోడు పక్కన ఆ రెండూ పెట్టి, తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. అక్కడి నుంచి తెర చూస్తున్నట్టే ఉంది గానీ చెవులు రెండూ హాల్లోనే ఉన్నాయి.

మామగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కాగితం చదివారు, ఫిల్టరుని అటూ ఇటూ తిప్పి చూశారు, మళ్ళీ కాగితం చదివారు. మోకాలు మాత్రం రుద్దుకోలేదు. చాలాసేపటికి లేచి, మంచం కింద నుంచి పాత పనిముట్ల పెట్టె లాగి, వెనక గదిలోకి వెళ్ళారు. అలమర జరిగిన చప్పుడైంది, అత్తగారు ఏదో అన్నారు, ఆయన ఏదో గొణిగారు. అరగంటకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కోడలి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"నీ సిస్టం బంగారం, అమ్మా," అన్నారు. "తప్పు లైనుది. అంటే నాది."

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట ఏ పై అధికారి ముందూ అని ఉండరు. కూర్చోండి మావయ్యా అని కోడలు కుర్చీ జరిపింది. లాగు ఎలా చదవాలో చూపించమన్నారాయన. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరూ అదే చదువుకుంటూ కూర్చున్నారు.

శుక్రవారం రంగుల పటాలు, వారంలోకల్లా పెద్ద ఫైలు. పదింబావుకే మొదలుపెట్టినా పదకొండుముప్పావు దాకా పడుతుంది. మామగారు చెప్పులేసుకుని గుమ్మంలో తటపటాయించారు. ఈ ఒక్క పూటకి నడక మానేస్తానన్నారు. వద్దు, వెళ్ళండి, మామూలుగానే మోగించండి అంది కోడలు. పైకి అలా అంది గానీ, పదకొండయ్యాక తెర మీంచి చూపు తిప్పలేదు.

పదకొండూ తొమ్మిది. సగం దాటింది.

పదకొండూ పదికి వెనక గదిలో గంట మోగింది. ఈసారి 'టక్' అని కాదు. గుడ్డ విప్పేశారు గావును, ఇల్లంతా వినపడేలా ఖణేల్మని ఒకే ఒక్క మోత. కోడలు లాగు చూసింది. అక్కడ కొత్త అక్షరం పడలేదు. తెర మీద అంకెలు ఆగకుండా పెరుగుతూనే ఉన్నాయి.

"దిగారు," అన్నారు అత్తగారు వెనక నుంచి. ఈసారి తనలో తను కాదు, పైకే.

"దిగారత్తయ్యా," అంది కోడలు ఇటు నుంచి.

ఆ మోతకి నిద్ర చెడిన భర్త జుట్టు పీక్కుంటూ వచ్చి, ఈ ఇంట్లో గంటెక్కడిదని అడిగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అతనికి ఆ గంట సంగతే తెలియదు. అంతా చెప్తాను, ముందు కంచాలు పెట్టమంది. పదకొండూ నలభై ఏడుకి పటాలు చేరాయని ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఆ వెనకే పెద్దాయన రాసిన ఇంకో ముక్క వచ్చింది, సోమవారం నుంచి బస్సు ఎక్కక్కర్లేదని.

పన్నెండింటికి కిటికీలోంచి పడ్డ ఎండ బల్ల సగం దాకా వచ్చింది. కోడలు వచ్చి భర్తకి ఎదురుగా కూర్చుంది.