పాతిపెట్టి ఎంచిన బండి

ఫోను మోగేసరికి గ్వెన్ రెండు చేతులూ మైనంతో జిడ్డుగా ఉన్నాయి. వంటగది బల్ల మీద పాత దుప్పటి పరిచి, మంచు కొలిచే గొట్టాలను దాని మీద వరసగా పెట్టుకుని, ఒక్కొక్కదానికీ మైనం రుద్దుతోంది. మైనం సరిగా పట్టకపోతే మంచు గొట్టం లోపల అతుక్కుంటుంది, తూకం తప్పుతుంది. పొయ్యి దగ్గర అట్లు పోస్తున్న లైల్ గరిటె పక్కన పెట్టి వచ్చి, ఫోను తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. వాళ్ళ పెళ్ళి సెప్టెంబరులోనే అయింది. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే. అయినా ఇలాంటి పని ఏదైనా దొరికితే లైల్ ముఖం కుర్రవాడి ముఖంలా వెలుగుతుంది.

ఫోను నీటి శాఖ ఆఫీసు నుంచి.

"కొలత పని ఇక మీ పేరు మీదే, గ్వెన్ గారూ" అంది అవతలి గొంతు. "కొత్త మంచుబండి కూడా మంజూరైంది. ఏది కావాలో మీరే ఎంచుకోండి. ఒక్క మాట. పై మైదానంలో మీరొక్కరే ఉంటారు కదా. బండి మంచులో కూరుకుపోతే మీ అంతట మీరే తీసుకోగలగాలి. మనుషుల్ని పంపించాల్సి వస్తే మాత్రం, అక్కడ మనిషికి బదులు కొలిచే యంత్రం పెట్టేద్దామన్న మాట మళ్ళీ లేస్తుంది."

"తీసుకుంటాను" అంది గ్వెన్.

లైల్ తన చెవిని కూడా ఫోనుకు ఆనించి అంతా విన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అట్టు మాడుతోంది" అంది ఆమె.

"మాడనీ. ఇవాళ మాడినా బాగుంటుంది."

బాగుండలేదు. అతను దాన్ని కిటికీ గట్టు మీద పెట్టగానే బూడిదరంగు జే పిట్ట ఒకటి వచ్చి, ముక్క అందుకుని, ఎగరబోయి, బరువుకు ఒక పక్కకి ఒరిగి, ఎలాగో చెట్టెక్కింది. దాన్ని చూసి ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

హెరాన్ క్రీక్ ఊరి వెనక కొండ మీద చలికాలమంతా, ప్రతి నెలా మొదట్లో, ఇద్దరు మనుషులు, ముందు స్కీలనే జారుడు పలకలూ వెనక తిరిగే పట్టా ఉండే మంచుబండ్ల మీద పైకి పోయి, గుర్తుపెట్టిన చోట్ల గొట్టం దింపి మంచును తూచి వస్తారు. ఎండాకాలంలో కింద లోయలోని చెర్రీ తోటలకు ఎంత నీరు దిగుతుందో ఆ తూకమే చెబుతుంది. ఎండాకాలంలో గ్వెన్ అదే లోయలో పళ్ళు ఏరుతుంది. చలికాలంలో తాను తూచిన మంచే వేసవిలో తన వేళ్ళ మధ్య నుంచి ఎర్రగా దొర్లిపోతుందన్న సంగతి ఆమె లైల్‌తో తప్ప ఎవరితోనూ అనలేదు. అది విని లైల్ ఆ రోజంతా చెర్రీలను ఒక్కొక్కటిగా తిన్నాడు.

ఆమె పొట్టి మనిషి. నెరిసిన జడ. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. ఇరవై చలికాలాలు తనకు మించిన బండిని వంచీ లేపీ ఆ భుజం అలా అయింది. చేతుల బలం చాలక నడుముతో, మోకాళ్ళతో, పాదాల అంచులతో బండిని వంచడం నేర్చుకుంది. ఏటవాలులో ఒక పక్కకి ఒరిగి, చెట్ల మధ్య నుంచి ఆమె పోతుంటే, ఎదురుపడిన మగవాళ్ళు బండ్లు ఆపి చూసేవాళ్ళు.

తలుపు తట్టకుండా ఆర్నీ లోపలికి వచ్చాడు. ఆ ఇరవై చలికాలాలూ ఆమెతో కలిసి కొండెక్కిన మనిషి. ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయనీ, కొండ దిగి సముద్రం పక్కన బతకమనీ డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే చెల్లెలి ఇంటికి ప్రయాణం. సామాను అప్పటికే ట్రక్కులోకి ఎక్కింది.

"ఏం పెళ్ళికూతురా, పని నీకే ఇచ్చారటగా" అన్నాడు, లైల్ కంచంలోంచి అట్టు ఒకటి తీసుకుంటూ. "డెల్ బండ్ల కొట్లో ఆ ఎర్రటి పెద్దది ఉంది చూడు, దాన్ని నీకోసం ఆపించాను. నీ పేరు రాసి చీటీ కూడా కట్టొచ్చాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"ఆఫీసువాళ్ళు చెప్పింది ఇవాళ కదా."

"వాళ్ళకి ఇవాళ తెలిసింది. నాకెప్పుడో తెలుసు."

గ్వెన్ గొట్టం మీది మైనాన్ని బొటనవేలితో మళ్ళీ మళ్ళీ రుద్దింది. కాఫీ హోటల్లో ఎవరు కొత్తగా కనిపించినా ఆర్నీ చెప్పే మొదటి మాట ఒకటే: ఈ కొండ మీద అంత పెద్ద బండి నడిపే ఆడమనిషి మా గ్వెన్ ఒక్కతే. పెళ్ళి విందులో కూడా అదే చెప్పాడు. వధూవరులను దీవించడం మరిచిపోయాడు.

కానీ గత ఫిబ్రవరిలో పై మైదానంలో ఆమె పాత పెద్ద బండి నడుములోతు మంచులో కూరుకుపోయింది. ఎప్పటిలాగే ఆర్నీ ముందు స్కీ పట్టుకుని లాగాడు, ఆమె ఇంజన్ రేపింది. బండి బయటికొచ్చింది. ఆర్నీ మాత్రం మంచులో కూర్చుండిపోయాడు. పెదవులు నేరేడు పళ్ళు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. "గాలి పల్చగా ఉందివాళ" అన్నాడు. "అవును, పల్చగా ఉంది" అంది ఆమె. మళ్ళీ ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

ముగ్గురూ కొట్టుకి వెళ్ళారు. డెల్ లావుపాటి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉంటుంది. కొట్టు మధ్యలో ఎర్ర బండి నిలబడి ఉంది. పొడవాటి పట్టా, పెద్ద ఇంజన్, ఎద్దు మెడలాంటి ముందుభాగం. హ్యాండిల్‌కి వేలాడుతున్న చీటీ మీద ఆర్నీ పెద్ద అక్షరాలు. గ్వెన్ ఆ చీటీని తాకి, దాన్ని దాటి, గోడవారగా ఉన్న నీలం బండి ముందు గొంతుక్కూర్చుంది. పొట్టి పట్టా, ఇరుకు నడుము, స్కీలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ముందు కొక్కెం పట్టుకుని పైకెత్తి చూసింది.

"అదా" అన్నాడు డెల్. "నేర్చుకునేవాళ్ళది. కాలేజీ పిల్లలు కొంటుంటారు. మీ ఆయనకా?"

"నాకెందుకయ్యా" అన్నాడు లైల్. "నేను స్కూలు బస్సు నడిపేవాణ్ణి. ఈవిడ పాత బండెక్కి, ఈవిడ వేసిన జాడలో కింది మైదానం దాకా పోయి, రేడియో పట్టుకుని కూర్చుంటా. జాడ దాటానంటే నన్ను కూడా తవ్వి తీయాలి."

"నాకే" అంది గ్వెన్.

ఆర్నీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "వేళాకోళాలకి టైము లేదు, సాయంత్రానికి నేను రేవు చేరాలి. చీటీ కట్టింది దీనికి."

"చూశాను, ఆర్నీ. రెండూ వెనక పొలంలోకి తీయించు, డెల్."

"ఎక్కి చూస్తావా?"

"పాతిపెట్టి చూస్తా."

డెల్ చెవి మీది పెన్సిల్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇక్కడికొచ్చిన ప్రతివాడూ ఎంత ఎత్తు ఎక్కుతుందని అడుగుతాడు. కొత్త బండిని పాతిపెడతానన్నదానివి నువ్వే."

"ఎక్కడం నాకొచ్చు. దిగబడ్డాక ఏం చేస్తుందో చూడాలి."

పొలం చివర దేవదారు చెట్ల కింద ఎవరూ తొక్కని మంచు ఛాతీలోతున ఉంది. ముందు ఎర్రదాన్ని తీసుకుంది. దాని బలం బలమే. ఒక్క గర్జనకి పొలమంతా దాటించింది. చెట్టు కింది గుంటలోకి కావాలనే దించి, వెనక పట్టా మంచును తవ్వుకుని లోపలికి పోయేదాకా ఇంజన్ రేపి, ఆపేసింది. దిగి, ముందున్న మంచును తొక్కి చదును చేసింది. పల్లం వైపు తిరిగి, నడుము ఆనించి తోసింది. బండి ఒరిగినట్టే ఒరిగి, మళ్ళీ తన గోతిలోకి కూర్చుంది. మళ్ళీ తోసింది. ఆమె దొంగాట ఆడటం లేదని దూరం నుంచి చూస్తున్న ముగ్గురికీ తెలుస్తూనే ఉంది. జడ నుంచి ఆవిరి లేస్తోంది.

"ఆగు, ఆగు" అంటూ ఆర్నీ మంచులోకి దిగాడు. ఎవరు ఆపినా ఆగడని తెలిసి లైల్ కూడా వెనకే దిగాడు. ఆర్నీ స్కీ పట్టుకుని వెనక్కి వాలాడు, లైల్ రెండోది పట్టుకున్నాడు, గ్వెన్ ఇంజన్ రేపింది. బండి బయటపడింది. ఆర్నీ చెట్టుకి చేయి ఆనించి తలవంచి నిలబడ్డాడు.

తరవాత నీలం బండి. దాని మీద కూర్చోగానే హ్యాండిల్ ఆమె చేతుల ఎత్తుకు వచ్చి ఆగింది. ఇన్నేళ్ళూ హ్యాండిల్ కోసం తానే పైకి సాగడం ఆమెకి అలవాటు. చదునులో కాస్త మెల్లగా ఉంది, అది నిజం. ఏటవాలుకి వచ్చాక మాత్రం, ఒక పాదం అంచు నొక్కగానే బండి పక్కకి ఒరిగి, పాలమీగడ మీద చెంచా పోయినట్టు పోయింది. రెండు చెట్ల మధ్య తిప్పింది. ఇంకోసారి తిప్పింది. మూడోసారి అక్కర్లేదు, అయినా తిప్పింది. హెల్మెట్ లోపల తాను నవ్వుతున్న సంగతి ఆమెకి బుగ్గలు నొప్పెట్టాక తెలిసింది.

ఆ తరవాత ఎర్రదానికన్నా లోతుగా పాతిపెట్టింది. స్కీల కొనలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి.

ఆర్నీ మళ్ళీ పొలం గట్టు నుంచి బయల్దేరాడు. గ్వెన్ వెనక్కి చూడకుండానే చేయెత్తింది, అరచేయి అతని వైపు. అతను సగం దారిలో, మోకాళ్ళలోతు మంచులో ఆగిపోయాడు.

ఇరవై చలికాలాల్లో ఆమె అతనికి చేయి అడ్డుపెట్టడం అదే మొదటిసారి. ఆ చేయి అలా ఎత్తి ఉంచడం ఆమెకి బండిని లేపడం కన్నా కష్టమైంది.

ముందు మంచు తొక్కింది. పారతో ఒక పక్క తీసింది. హ్యాండిల్ పట్టుకుని, తుంటి ఆనించి, పల్లం వైపుకి వాలింది. బండి ఒళ్ళు విరుచుకున్నట్టు పక్కకి దొర్లింది. ఖాళీ అయిన గోతిని కాళ్ళతో మంచు నెట్టి పూడ్చింది. భుజంతో కాదు, మోకాళ్ళు వంచి లేస్తూ బండిని నిలబెట్టింది. పక్కన నిలబడి ఇంజన్ రేపి, కదలగానే దానితోపాటు నాలుగడుగులు పరిగెత్తి, ఎక్కి కూర్చుంది. పొలం చుట్టి వచ్చి ఆర్నీ ముందు ఆపింది.

అతను బండి మీది మంచును చేత్తో తుడిచాడు. మీసం మీద మంచు గడ్డకట్టి ఉంది.

"నాకు కోపం వచ్చిందనుకుంటున్నావా?"

"వచ్చిందా?"

"వచ్చింది. కాసేపట్లో పోతుంది." ఎర్ర బండి వైపు గడ్డం ఎగరేశాడు. "దాన్ని లేపాలంటే పక్కన నేనుండాలి. దీన్ని లేపడానికి నువ్వు చాలు. ఈ మాట ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది మనం."

"గాలి పల్చగా ఉంది కదా అప్పుడు" అంది గ్వెన్.

ఆర్నీ నవ్వాడు, ఈసారి దగ్గు రాలేదు. కాళ్ళీడ్చుకుంటూ పోయి ఎర్ర బండి చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. "డెల్, ఇది ఎవడైనా మగాడికి అమ్ము. లాగడానికి నలుగురు స్నేహితులున్నవాణ్ణి చూసి అమ్ము."

"అలాంటివాళ్ళే కొంటారు" అన్నాడు డెల్.

కొట్టు ముందు ట్రక్కు దగ్గర ఫ్లాస్కులోని కాఫీ అందరూ పంచుకున్నారు. డెల్ బండి కాగితాలు తెచ్చేలోపు పెట్రోలు కోసం ఆగిన ఎవరో పరాయి ఊరి మనిషిని ఆర్నీ అప్పుడే పట్టుకున్నాడు.

"ఆ నీలం బండి చూశారా? మా గ్వెన్‌ది. అందరూ ఎక్కి చూసి కొంటారు. ఆవిడ పాతిపెట్టి చూసి కొంది, తెలుసా? ఛాతీలోతున. ఒక్కతే తీసింది. నేను సాయం పోతుంటే ఇదిగో, ఇలా చేయి అడ్డం పెట్టింది." అరచేయి ఎత్తి చూపించాడు. ఆ మనిషికి ఏమీ అర్థం కాకపోయినా తలూపాడు. గ్వెన్ నేల చూపులు చూసింది, మెడ వెనక వెచ్చగా అయింది. లైల్ మాత్రం ఆ మాటలను తనకోసమే చెప్పినట్టు నోరు తెరుచుకుని విన్నాడు.

"మా చెల్లెలికి కూడా ఇదే చెబుతా" అన్నాడు ఆర్నీ ట్రక్కెక్కి, అద్దం దించి. "సముద్రం పక్కనోళ్ళకి కథలు కావాలి. వాళ్ళకి చేపలు తప్ప ఏముంటాయి."

గ్వెన్ కిటికీ లోపలికి చేయి పెట్టి అతని చొక్కా కాలరు సరిచేసింది. అది సరిగానే ఉంది.

"రేపు ఒకటో తారీఖు" అంది. "తెల్లారగానే పై మైదానానికి వెళ్తున్నాను. లైల్ కింద ఉంటాడు. తూకం వేయగానే మొదట నీకే ఫోను. ఆఫీసుకి ఆ తరవాత."

"లేచే ఉంటా" అన్నాడు ఆర్నీ.

ట్రక్కు వంతెన దాటి, మలుపు తిరిగి, చెట్ల వెనక్కి పోయింది. కంచె గుంజ మీద అతను పెట్టి మరిచిపోయిన ఫ్లాస్కు మూత ఉంది. అడుగున మిగిలిన గుక్కెడు కాఫీ మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తూనే ఉంది.