మరవ తెంచిన రోజు

ఆ పొద్దున బెంగళూరు స్టేషన్ కన్నడ వార్తలు విన్నాక లక్ష్మణప్ప చాలాసేపు రేడియో ముందు నుంచి లేవలేదు. మద్రాసుకు తూర్పున సముద్రంలో చండమారుత, అదే తుపాను, లేచిందట. తీరం దాటేలోగా అది ఇంకా బలపడవచ్చు, బలహీనపడనూవచ్చు అన్నారు. కోలారు జిల్లాలో వానలు పడవచ్చు అన్నారు. అంతటితో ఆ సంగతి ఆపేసి మార్కెట్టు ధరలు చదవడం మొదలుపెట్టారు.

గోడవారగా కూర్చుని రాగిపిండి జల్లిస్తున్న భార్య పుట్టమ్మ కూడా ఆ మాటలు వింది. జల్లెడ పక్కన పెట్టి, "పోయినేడు గూడా ఇట్లే కదా చెప్పింది" అంది. ఆయన రేడియో కట్టేశాడు.

బట్లహళ్ళికి అవతల గుట్టల నడుమ ఉన్న ఆ ఊరికి ఆధారం ఒక్క చెరువే. చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోవడానికి కట్ట కొసన రాతి మరవ ఉంది. నీళ్ళు ఊరికే పోతున్నాయని ఊరివాళ్ళు ఆ మరవ మీద మట్టి, రాళ్ళు, కంప వేసి అడ్డకట్ట లేపుకున్నారు. దానితో చివరి మళ్ళకు కూడా నీళ్ళు అందేవి. మామూలు వానలకు అది ఓర్చుకునేది. పెద్ద వాన పడితే మాత్రం నీళ్ళకు పోయే దారి ఉండదు. అప్పుడు తెగేది అసలు కట్టే. ఆ కట్ట కిందే ఊరు ఉంది.

పోయినేడు రేడియోలో తుపాను మాట వినగానే ఇంటింటికీ తిరిగి అడ్డకట్ట తెంచాలని పట్టుబట్టింది లక్ష్మణప్పే. ఊరు ఆయన మాట విని తెంచింది. తుపాను సముద్రంలోనే ఉత్తరానికి తిరిగిపోయింది. ఊళ్ళో చినుకు రాలలేదు. నీళ్ళు లేక వరి పొట్ట దశలో ఎండిపోయింది. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు బైరప్ప, పుట్టమ్మ సొంత అన్న. కాడెద్దులను చింతామణి సంతకు తోలుకుపోయి అమ్ముకుని వచ్చిన రోజున ఆయన నడివీధిలో లక్ష్మణప్పను పట్టుకుని చెప్పుతో కొట్టాడు. ఊరంతా చూసింది. ఒక్కరూ అడ్డం రాలేదు. ఆనాటి నుంచి రేడియో వినడానికి ఆ ఇంటికి ఎవరూ రావడం లేదు. పుట్టిల్లు పక్క వీధిలోనే అయినా పుట్టమ్మ ఆ గడప తొక్కలేదు.

అందుకని లక్ష్మణప్ప ఈసారి నోరు మూసుకుని ఉందామనుకున్నాడు. అయినా కాళ్ళు ఊరుకోక చెరువు దాకా పోయాడు. నీళ్ళు అడ్డకట్ట అంచుకు మూరెడు కింద నిలిచి ఉన్నాయి. గాలి ఉత్తరం నుంచి తెరలు తెరలుగా కొడుతోంది. ఆకాశం బూడిద రంగులో ఉంది. అంతకుమించి అక్కడ కనిపించేదేమీ లేదు. ఎక్కడో సముద్రం మీద తిరుగుతున్న గాలి ఎంతటిదో ఈ కట్ట మీద నిలబడినవాడికి తెలిసే దారి లేదు. తిరిగి చూస్తే కట్ట కింద కప్పుల మీద నుంచి వంటపొగలు లేస్తున్నాయి. ఆయన అటు నుంచి అటే ఊరిపెద్ద మునియప్ప ఇంటికి పోయాడు.

మునియప్ప మగవాళ్ళను పిలిపించాడు. చేలో నుంచి వస్తూ బైరప్ప చేతిలో కట్టె కూడా తెచ్చాడు. లక్ష్మణప్ప రేడియోలో విన్నది విన్నట్లు చెప్పాడు.

"పెద్దదా చిన్నదా? ఒక మాట చెప్పు" అన్నాడు బైరప్ప.

"పెద్దది కావచ్చు, కాకపోనూవచ్చు అన్నారు బావా."

"ఆ మాట చెప్పేదానికి రేడియో ఎందుకు?"

కొందరు నవ్వారు. మునియప్ప మాత్రం నవ్వలేదు. పోయినేటి తిండిగింజల కరువు ఇంకా ఇళ్ళలోనుంచి పోలేదని, అటూ ఇటూ కాని మాట మీద నీళ్ళు వదలలేమని మెల్లగా చెప్పాడు. మనుషులు లేచి తువ్వాళ్ళు దులుపుకోసాగారు. వీళ్ళు పోతే మళ్ళీ రారని లక్ష్మణప్పకు తెలుసు.

"ఇంకొక మాట దాచిపెట్టినాను" అన్నాడు. "చానా పెద్దదని చెప్పినారు. చెట్లు కూలతాయి, చెరువులు తెగతాయి అన్నారు. పోయినేడు అయినదానికి మీరు నమ్మరని చెప్పలేదు."

అందరూ ఆగిపోయారు. బైరప్ప దగ్గరికి వచ్చి ఆయన మొహంలోకి చూశాడు.

"సాదలిలో ఉండే నీ బిడ్డ మీద ఒట్టు పెట్టు."

కూతురు హనుమక్క నెలలు నిండి అత్తగారింట్లో ఉంది. గుంజ పక్కన ఆడవాళ్ళతో నిలబడి ఉన్న పుట్టమ్మ వైపు లక్ష్మణప్ప చూడలేదు.

"హనుమక్క మీద ఒట్టు" అన్నాడు.

ఊరు పారలు, గడ్డపారలు ఎత్తుకుంది. తెంచడం మొదలుపెట్టాక అందరికంటే గట్టిగా తవ్వింది బైరప్పే. మట్టి కరిగి గండి పడి నీళ్ళు ఎర్రగా దూకుతుంటే ఆయన పార ఆనించి వాటిని చూస్తూ, "నా పేగులు పోతాండట్లుండాది" అన్నాడు. గండి మనిషి దూరేంత వెడల్పు అయింది. మరవ రాయి బయటపడేదాకా తెంచుదామని లక్ష్మణప్ప బతిమాలాడు. ఇది చాలన్నారు.

మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది.

ఆకు కదలలేదు. మబ్బు చీలి ఎండ పడింది. మరవ కింద వంకలో వృథాగా పోతున్న నీళ్ళు ఆ ఎండకు తళతళలాడుతున్నాయి. కట్ట మీద కూర్చున్న మనుషులు ముందు ఆకాశం వైపు చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరి చూపూ లక్ష్మణప్ప మీద నిలిచింది. అబద్ధం తనదే. ఆకాశం దాన్ని నిజం చేయకపోతే తన దగ్గర ఇంకేమీ లేదు.

అడ్డకట్ట తిరిగి వేద్దామని ఎవరో అన్నారు. బైరప్ప రాయి ఎత్తుకుని గండి వైపు నడిచాడు. లక్ష్మణప్ప పరుగెత్తి గండి ముందు అడ్డం నిలబడ్డాడు.

"పొద్దుగూకేదాకా ఆగు బావా. ఒక్క పూట."

"పోయినేడు నా ఎద్దులు తిన్నావు. ఈ యేడు నా పిల్లోళ్ళ నోటి కూడు తింటాండావు" అన్నాడు బైరప్ప. రాయి కింద వదిలేసి కట్టె అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది కాచుకోబోయిన కుడి మోచేతి మీద పడి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. లక్ష్మణప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు, కానీ గండి ముందు నుంచి జరగలేదు. అప్పటిదాకా చూస్తున్నవాళ్ళు కూడా మీదపడ్డారు. వాళ్ళంతా ఆయన పొలాల పక్కన పొలాలున్నవాళ్ళు, ఆయన ఇంట్లో పెళ్ళి భోజనాలు తిన్నవాళ్ళు. ఒకడు డొక్కలో తన్నాడు. ఇంకొకడు జుట్టు పట్టి ఈడ్చి మొహాన్ని బురదలో అదిమాడు. నోట్లో మట్టీ రక్తమూ కలిసి ఊపిరి ఆడలేదు. ఎడమ చేత్తో ఒకడి కాలు పట్టుకుని కొరికాడు. వాడు కేకపెట్టి పార వెనుకవైపుతో నెత్తిన కొట్టాడు. మునియప్ప వద్దని అరుస్తున్నాడు. ముసలి గొంతు ఎవరికీ అందలేదు. చివరికి కాళ్ళు పట్టి లాక్కుపోయి లక్ష్మణప్పను కట్ట పక్కన పడేశారు. గండిలో రాళ్ళు పడడం మొదలైంది.

నెత్తురు కళ్ళలోకి కారుతుంటే ఆయన పడుకున్నచోటి నుంచే తూర్పు వైపు చూశాడు. గుట్టల మీద మబ్బు నల్లగా లేచి ఉంది. అది కదులుతున్నట్లు లేదు. గుట్టలే ఒకటొకటిగా మాయమవుతున్నాయి. ఆ తర్వాత చప్పుడు వినిపించింది, బండలు దొర్లించుకుంటూ వస్తున్నట్లు.

గాలి ఈసారి తెరలుగా రాలేదు. ఒక్కసారే వచ్చి కట్ట మీది మనుషులను పడగొట్టింది. కట్ట పక్కనున్న కానుగ చెట్టు వేళ్ళతో సహా లేచి చెరువులో పడింది. వాన అడ్డంగా రాళ్ళలా కొట్టింది. ఊళ్ళో ఒక కొట్టం కప్పు లేచి ఇళ్ళ మీదుగా ఎగిరి ఎటో పోయింది. పైన గుట్టల నుంచి దిగే రెండు వంకలూ పొంగి చెట్లనూ గొడ్లనూ మోసుకొచ్చి చెరువులో పడ్డాయి. నీళ్ళు కళ్ళెదుటే పైకి లేస్తున్నాయి.

రాళ్ళు మోస్తున్నవాళ్ళు బుట్టలు పారేసి పరుగెత్తారు. ఇంతసేపు రాయి మీద రాయి పేర్చిన బైరప్ప ఒక్కడే గండిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వాన చూసి ఆయనకు అర్థమైంది. పారిపోలేదు. పేర్చిన రాళ్ళను తిరిగి పెరికి కిందకు నెట్టడం మొదలుపెట్టాడు. నెట్టే కొద్దీ నీళ్ళు ఆయన్ను కూడా నెట్టాయి.

లక్ష్మణప్ప పాకుతూ గండి అంచుకు చేరాడు. బోర్లా పడుకుని ఎడమ చేయి చాచాడు.

"బయటికి రా బావా. చాలు."

"ఇంకొక రాయి ఉండాది" అన్నాడు బైరప్ప.

ఆ రాయి కదలగానే మిగిలిన అడ్డకట్ట అంతా ఒక్కసారి జారింది. బైరప్ప ఎగిరి లక్ష్మణప్ప మణికట్టు పట్టుకున్నాడు. నీళ్ళు ఆయన్ను బట్టలా సాగదీశాయి. లక్ష్మణప్ప విరిగిన చేతిని కూడా చాచాడు. వేళ్ళు ముడుచుకోలేదు. కాలి వేళ్ళను బురదలో నాటుకుని కేకలు పెట్టాడు. గాలిలో ఆ కేకలు ఆయనకే వినిపించలేదు. ఎవరో వెనక నుంచి వచ్చి ఆయన నడుము పట్టుకున్నారు. పుట్టమ్మ. అన్నను చూసి ఆమె ఇంకో చేయి చాచింది. అందలేదు. పై నుంచి కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దు ఒకటి బైరప్ప భుజాలను తాకింది. పట్టు ఊడిపోయింది. ఎర్రటి నీళ్ళలో ఆయన తల ఒకసారి కనిపించింది. మళ్ళీ కనిపించలేదు.

ఆ సాయంత్రమంతా మరవ నిండా నీళ్ళు పారాయి. కట్ట అంచుకు జానెడు కిందకు వచ్చి నిలిచిపోయాయి. ఆడా మగా మూటలతో మట్టి మోసి జారినచోటల్లా పోశారు. కట్ట నిలిచింది. పక్క వంక మీది చెరువు తెగి అక్కడి పల్లె మట్టిదిబ్బ అయిందని మరుసటి రోజు తెలిసింది.

బైరప్ప దొరికింది చాలా కింద, పట్టుపురుగుల కోసం ఒకరు పెంచిన రేషం తోటలో. మల్బరీ మోళ్ళ నడుమ ఒరిగి ఉన్నాడు. బండి మీద తెచ్చారు. మట్టి చేసి వచ్చాక మునియప్ప లక్ష్మణప్ప ముందు చేతులు జోడించి, నువ్వు చెప్పినట్లే వచ్చిందప్పా, చెవికెక్కేటట్లు చెప్పావు, మేమే కళ్ళు లేనోళ్ళమైనాం అన్నాడు. కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తల వంచి నిలబడ్డారు. కరిచిన కాలికి గుడ్డ కట్టుకున్నవాడు కూడా వచ్చాడు. సాదలి నుంచి మనిషి వచ్చి హనుమక్క కులాసాగా ఉందని చెప్పిపోయాడు. అది విని ఊరంతా, దేవుడు ఒట్టు నిలబెట్టినాడని చెప్పుకుంది.

లక్ష్మణప్ప కుడిచేతికి ఎముకల వైద్యుడు బద్దలు పెట్టి కట్టాడు. ఎడమ చేయి మణికట్టు చుట్టూ బైరప్ప వేళ్ళు నొక్కుకున్న చోటు నల్లగా కమిలిపోయి ఆ చెయ్యి కూడా లేవడం లేదు. పుట్టమ్మే ముద్ద కలిపి తినిపించేది. అన్న పోయిన రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం ఊరివాళ్ళు పలకరించి పోయాక, సంగటి తుంచి పులుసులో అద్దుతూ మెల్లగా అంది.

"రేడియోలో ఆ మాట చెప్పలేదు."

"చెప్పలేదు."

"మరి నీకు ఎట్ల తెలిసె?"

"తెలీదు. ఏమీ తెలీదు పుట్టమ్మా. భయమయింది, అంతే."

ఆమె ముద్ద నోటికి అందించింది. ఆయన నమిలేదాకా ఆగింది.

"చిన్నదే వచ్చింటే?"

"నన్ను చంపేసుందురు."

"అన్న బతికుండేవాడు."

వీధిలో పిల్లలు, కూలిన చెట్ల కొమ్మలు ఈడ్చుకుపోతూ గోల చేస్తున్నారు. కట్ట కింది ఇళ్ళలో ఎవరో రోకలితో దంచుతున్నారు. ఆ చప్పుడు వింటూ పుట్టమ్మ ఇంకొక ముద్ద తుంచింది.

"బిడ్డ మీద ఒట్టు పెడ్తివి" అంది చివరికి. "అది దొంగ ఒట్టని నేను యాడా చెప్పను. కానీ నా ముందర ఇంకెప్పుడూ ఒట్టు పెట్టొద్దు."

లక్ష్మణప్ప తల ఊపాడు. ఆమె చెంబు ఎత్తి ఆయన నోటికి నీళ్ళు పట్టింది.