గోడ దగ్గర భయం

మా సార్ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఆటగాళ్ల మనసులో మాట వినే ఉద్యోగం చేస్తున్నాడు, పైగా అది నాకు నేర్పుతున్నాడు. ఆయన దగ్గర ఏడాది పనిచేశాక, ఆయన సంతకం పెడితేనే నేను స్పోర్ట్స్ సైకాలజిస్టుని అవుతాను.

ఈతకొలను పక్కన మాకో గది ఇచ్చారు. గోడలకి చెమ్మ, ఎప్పుడూ క్లోరిన్ వాసన. రిలే జట్టు పిల్ల ఒకతె వచ్చి, చాలాసేపు తువ్వాలు అంచు నలిపి, చివరికి నోరు విప్పింది. కొలను చివర నీళ్లలో పల్టీ కొట్టి వెనక్కి తిరిగేటప్పుడు ఒకసారి తల గోడకి తగిలిందట. అప్పట్నుంచి గోడ దగ్గరకొస్తే కాళ్లూ చేతులూ ఆడవట.

"కోచ్ గారికి తెలిస్తే తీసేస్తారక్కా."

"ఆయనదాకా పోదు," అన్నాను.

నేర్చుకునేవాళ్లు ప్రతి కేసూ పైవాళ్లతో చర్చించాలి, పేరు చెప్పకుండా. ఆ సంగతి ఆమెకీ చెప్పాను. సార్‌తో మాట్లాడినప్పుడు పేరెత్తలేదు, గోడకి తల తగిలిందని మాత్రం చెప్పాను. ఆ కొలనులో నుదుటిమీద కుట్లున్నది ఆమెకొక్కదానికే.

మర్నాడు క్యాంటీన్‌లో సార్ నారింజ ఒలుస్తూ కోచ్‌తో అంటున్నాడు. "మీ కుట్ల పిల్లకి గోడంటే దడయ్యా." తొన నోట్లో వేసుకుని నవ్వాడు. రసం గడ్డం మీదికి కారింది.

సాయంత్రానికి రిలేలో ఆమె చోటు ఇంకొకరికి పోయింది.

"సార్, అది గదిలో మాట," అన్నాను.

"కోచ్ మనవాడేనమ్మా. ఆ గది ఇప్పించింది ఆయనే. నువ్వింకా ఎదగాలి."

ఎదగడమంటే ఇలా తయారవడమా? ఛీ అనిపించింది.

సంతకానికి ముందు, నేను మాట్లాడే తీరు ఆయన స్వయంగా చూడాలి. ఆ రోజు వచ్చింది ఆ పిల్లే. సార్ మూల కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు.

"గోడ దగ్గర ఎలా ఉంది?" అడిగాను.

నేను నేర్పినట్టే నిదానంగా ఊపిరి వదిలి, నవ్వింది. "బాగానే ఉందక్కా."

"భేష్," అన్నాడు సార్. "చూశావా ఎంత మార్పో." పెన్ను తీశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, మీరు బయటికెళ్లండి."

"ఏంటమ్మా?"

"మీరుంటే ఈ పిల్ల మాట్లాడదు."

నన్ను ఎగాదిగా చూశాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఈ జన్మకి నా సంతకం రాదు నీకు," అని వెళ్లిపోయాడు.

తలుపు గడియపెట్టి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "ఇప్పుడు చెప్పమ్మా."

ఆమె తలుపు వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నిదానంగా ఊపిరి వదిలింది.

"బాగానే ఉందక్కా," అంది.